బెత్తం విరిచిన తర్వాతి పీరియడ్

ముందు నువ్వు రాసింది నాకెలా అర్థమైందో చెప్తాను, తప్పుంటే సరిదిద్దు. మొన్నటి డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ పోస్టు వచ్చి, ఆదోని వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో చేరావు. మొదటి రోజే హెచ్ఎం గారు అటెండెన్స్ రిజిస్టరు, చాక్‌పీసుల డబ్బా, వాటితో పాటు ఒక పేము బెత్తం చేతికిచ్చారు. తొమ్మిది బి సెక్షన్, యాభై ఎనిమిది మంది. నువ్వు ఆ బెత్తాన్ని పిల్లల ముందే విరిచి "ఈ క్లాసులో దెబ్బలుండవు" అన్నావు. చప్పట్లు కొట్టారు. మూడో వారానికల్లా నీ గొంతు నీకే వినపడని గోల. పక్క క్లాసు సారు వచ్చి "మేడమ్, కాస్త పక్కకు జరగండి" అని వెనక బెంచీలో నలుగురిని వాయించి వెళ్లారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. నీకు ఏడుపొచ్చింది. మండల విద్యాధికారి ఎంఈఓ గారికి కంప్లైంట్ ఇవ్వాలా, బెత్తం పట్టాలా, ఉద్యోగమే మానాలా అని అడిగావు.

మూడూ వద్దు. నీకంటే ఇరవై మూడేళ్లు ముందు చేరినదాన్ని, అందుకే నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. పదహారేళ్లు సోషల్ చెప్పాను, ఇప్పుడు హెచ్ఎంగా ఉన్నాను. చేసిందంతా కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోనే. నీ పిల్లలు ఎలాంటి ఇళ్ల నుంచి వస్తారో నాకు తెలుసు.

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే స్టాఫ్ రూమ్‌లో నిన్ను ఎవరో ఒకరు దీంతోనే ఇరుకున పెడతారు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. కొట్టిన వాళ్ల మీద సర్వీసు రూల్స్ ప్రకారం చర్య తీసుకోవచ్చు. "అది పద్నాలుగేళ్ల వరకే కదా, తొమ్మిదో తరగతి వాళ్లకు వర్తించదు" అనే మేధావి ప్రతి స్కూల్లో ఒకరుంటారు. ఆ చట్టం రాకముందే, 2002 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 16 ఇచ్చి, విద్యా నిబంధనల్లో 122వ నిబంధనను మార్చి బడిలో కొట్టడాన్ని నిషేధించిందని ఆయనకు చెప్పు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కూడా ఉంది. పిల్లల బాధ్యత చూసేవాళ్లే వాళ్ల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఆ జీవో వచ్చిన ఏడాదే నేను ఉద్యోగంలో చేరాను. అప్పటి మా హెచ్ఎం గారు దాన్ని స్టాఫ్ మీటింగులో పైకి చదివి, అందరితో సంతకాలు పెట్టించుకుని, ఫైలులో పెట్టారు. ఫైలు బీరువాలోకి వెళ్లింది. అదే బీరువాలో, ఫైళ్ల వెనక, నాలుగు బెత్తాలు. రెండూ ఒకే తాళంలో చాలా ఏళ్లు కాపురం చేశాయి.

అందుకే చెప్తున్నాను, చట్టం నీ వైపే ఉంది కానీ బుధవారం మూడో పీరియడ్‌లో అది వచ్చి నీ పక్కన నిలబడదు.

కంప్లైంట్ గురించి. పిల్లాడికి గాయమైతే, చెవి మీద కొడితే, కళ్లు తిరిగి పడిపోతే, ఆడపిల్లల మీద చెయ్యి వేసే అలవాటు ఎవరికైనా ఉంటే, అక్కడ స్నేహాలు, మొహమాటాలు పనికిరావు. అదే రోజు హెచ్ఎం గారికి రాతపూర్వకంగా ఇవ్వు, కాపీ నీ దగ్గర ఉంచుకో. అక్కడ కదలిక లేకపోతే ఎంఈఓ, జిల్లా విద్యాధికారి డీఈఓ, పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. కానీ నువ్వు చెప్పిన పక్క క్లాసు సారు విషయం అది కాదనిపిస్తోంది. ఆయన తన దృష్టిలో నీకు సాయం చేశారు. రేపు పొద్దున ప్రేయర్‌కు ముందు ఆయనొక్కరే ఉన్నప్పుడు వెళ్లి, "సార్, గోల మీ క్లాసుకు ఇబ్బందవుతోంది, నిజమే. నాకు సంక్రాంతి దాకా టైమివ్వండి. ఈలోగా గోల భరించలేకపోతే తలుపు దగ్గరకొచ్చి నన్ను పిలవండి, లోపలికి మాత్రం రావద్దు" అని చెప్పు. ఆడ టీచరు క్లాసును మగ సారు వచ్చి అదుపు చేయడం ఒక్కసారి అలవాటైతే, ఆ పిల్లల లెక్కలో నువ్వు ఎప్పటికీ ఆయన వచ్చేదాకా నడిచే టైంపాస్‌వే. ఈ మాట ఆయనతో అనకు, నీ మనసులో ఉంచుకో.

బెత్తం విరిచిన సంగతి. నీ ఉద్దేశం అర్థమైంది. కానీ హెచ్ఎం గారికి అది తనను అవమానించినట్టు అనిపించి ఉంటుంది, పిల్లలకు సెలవు ప్రకటించినట్టు అనిపించి ఉంటుంది. ఆరో తరగతి నుంచి వాళ్లకు తెలిసిన రూలు ఒక్కటే, దెబ్బ పడేదాకా ఏం చేసినా ఫరవాలేదని. నువ్వు దెబ్బ తీసేశావు, దాని చోట ఏమీ పెట్టలేదు. ఇక ఫరవాలేదు అన్నదే మిగిలింది. అల్లరి చేసింది వాళ్ల చెడ్డతనంతో కాదు, నువ్వు చెప్పని రూలేమిటో వెతుక్కుంటున్నారు.

నేను నీలా విరవలేదు, అంతకంటే తెలివైన తప్పు చేశాను. మొదటి ఏడాది కొట్టను అని ఎవరికీ చెప్పకుండానే కొట్టడం మానేశాను. గోల మొదలైంది. క్లాస్ లీడర్‌తో మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించేదాన్ని. పీరియడ్ అయ్యాక ఆ పేర్లు కాగితం మీదకెక్కి ఆటలు నేర్పే పీఈటీ సారు దగ్గరకు వెళ్లేవి. పంపింది నేను కాదు, లీడరే తీసుకెళ్లేవాడు. నేను ఆపలేదు. అలా ఏడెనిమిది నెలలు, కొట్టని మేడమ్‌గా మంచి పేరుతో, హాయిగా పాఠం చెప్పుకున్నాను. ఒకరోజు గ్రౌండు పక్కగా వెళ్తుంటే మా ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిదిమంది ఎండలో మోకాళ్ల మీద ఉన్నారు. అందరూ ఆ రోజు నా బోర్డు మీది పేర్లే. వాళ్లలో ఒకడు నన్ను చూసి తల దించుకున్నాడు, వాడికే సిగ్గేసినట్టు. బెత్తం నా చేతిలో లేదు, నా జాబితాలో ఉంది.

నువ్వు కూడా చూసుకో. "హెచ్ఎం గారికి చెప్తాను", "పక్క సారును పిలుస్తాను" అనే బెదిరింపు కూడా వేరేవాళ్ల బెత్తాన్ని అరువు తెచ్చుకోవడమే. దెబ్బ బదులు నోటితో పొడవడం ఇంకో దారి. "మీ నాన్న గొర్రెలు కాస్తాడు, నువ్వూ అదే కాసుకో" అని నవ్వుతూ అనే టీచర్లు తాము ఎప్పుడూ ఎవర్నీ కొట్టలేదని గర్వంగా చెప్పుకుంటారు. మానసిక వేధింపు అని చట్టంలో రాసింది దాన్నే. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఇప్పుడు ఏఎన్ఎం, ఊళ్లో ఆరోగ్య కార్యకర్త. నేను కొట్టిన ఒకే ఒక్క దెబ్బ తనకు గుర్తులేదట, నేను అన్న ఒక మాట మాత్రం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆ మాట ఇక్కడ రాయలేను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నలుగురు వెనక బెంచీ వాళ్లు ఎందుకు గోల చేస్తున్నారు? వచ్చే సోమవారం ఒక పని చెయ్యి. పాఠం ఆపేసి అందరికీ ఒక తెల్ల కాగితం ఇచ్చి మూడే లెక్కలు ఇవ్వు. అప్పు తెచ్చుకోవాల్సిన మూడంకెల తీసివేత, రెండంకెల సంఖ్యతో భాగహారం, అరలో సగం ఎంత అనే ప్రశ్న. పేరు రాయమను, మార్కులు వేయనని చెప్పు. అది రాస్తుండగా ఒక్కొక్కరినీ బల్ల దగ్గరకు పిలిచి మూడో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేరా చిన్నగా చదివించుకో. ఇతరులకు వినపడకూడదు, అది ముఖ్యం. యాభై ఎనిమిది మందికి రెండు మూడు పీరియడ్లు పడుతుంది, పడనీ. నేను 2006లో మొదటిసారి ఇలా చేసినప్పుడు తొమ్మిదో తరగతిలో యాభై నాలుగు మందిలో పందొమ్మిది మంది ఆ పేరా చదవలేకపోయారు. పీఈటీ సారు రోజూ మోకాళ్ల మీద నిలబెట్టే జాబితాలో పన్నెండు మంది ఉంటే, పదకొండు మంది ఈ పందొమ్మిదిలోనే ఉన్నారు.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రోజుకు ఏడు పీరియడ్లు, ఏ ఒక్క పీరియడ్‌లోనూ ఒక్క ముక్కా అర్థం కాకుండా, చేతులు కట్టుకుని కూర్చోమని మనం అడుగుతున్నాం. నన్ను అలా ఒక రోజు కూర్చోబెడితే నేనూ పక్కమ్మాయి జడ లాగుతాను. మీ పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. రెండో పేజీ కూడా చదవలేనివాడికి బహుపదులేంటి, వాస్తవ సంఖ్యలేంటి. బెత్తం చేసే పెద్ద పని ఇదే. క్లాసులో సగం మందికి పాఠం అందడం లేదన్న సంగతి మనకు తెలియకుండా దాచిపెడుతుంది. నిశ్శబ్దంగా ఉంటే నేర్చుకుంటున్నారని అనుకుంటాం.

అందుకని నీ నలభై అయిదు నిమిషాల్ని రెండుగా చీల్చు. మొదటి పదిహేను నిమిషాలు అందరూ చేయగలిగిన పని, తీసివేతలు, ఎక్కాలు, భాగహారం, సంతలో చిల్లర లెక్క. నువ్వు లోపలికి వచ్చేసరికే బోర్డు మీద లెక్క ఉండాలి. ముందు పీరియడ్ వదలగానే లీడర్ రాసేలా ఏర్పాటు చెయ్యి, పేర్లు రాసే ఉద్యోగం తీసేసి వాడికి ఇది ఇవ్వు. నీ కోసం ఎదురుచూసే ఆ మూడు నిమిషాల్లోనే గోల పుడుతుంది. ఆ తర్వాతే కొత్త పాఠం. వెనక బెంచీ నలుగురినీ నాలుగు మూలలకు విడగొట్టు, కానీ శిక్షలా కాకుండా, క్లాసంతా నెలనెలా చోటు మారుతుందని చెప్పి మార్చు. గోల పెరిగినప్పుడు గొంతు పెంచకు. యాభై ఎనిమిది గొంతుల మీద నువ్వు గెలవలేవు, పైగా ఫిబ్రవరికల్లా గొంతు పోతుంది. ఆగు, చాక్‌పీసు కింద పెట్టు, ఒకడి పక్కకు వెళ్లి నిలబడు. మొదటి వారం ఇది పని చేయదు. రెండో వారం కాస్త చేస్తుంది.

ఏం చేసినా లొంగనివాడు ఒకడుంటాడు. వాడితో క్లాసులో తలపడకు, వాడికి యాభై ఏడు మంది ప్రేక్షకులు. భోజనం బెల్లు తర్వాత, కంచం కడుక్కుంటున్నప్పుడు పక్కన నిలబడి మాట్లాడు. "ఎందుకు చేస్తున్నావు" అని అడగొద్దు, వాడికీ తెలియదు. పొద్దున ఎన్నింటికి లేస్తావు, బడికొచ్చే ముందు ఏం పని చేస్తావు అని అడుగు. నేను పత్తికొండ దగ్గర పనిచేసినప్పుడు ఒకడు రోజూ ప్రేయర్‌కు ఆలస్యం, రోజూ గేటు దగ్గర చింతబరికెతో రెండు దెబ్బలు. ఏడాదిన్నర అలా తిన్నాడు. అడిగితే తేలింది, వాడు తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్లో టమాటా గంపలు ఎత్తి, ఆ డబ్బు అమ్మకిచ్చి, స్నానం చేసి వస్తున్నాడు. రెండు దెబ్బలు వాడికి గేటు టికెట్టు లాంటివి, ఇచ్చేసి లోపలికొచ్చేవాడు. ఏడాదిన్నరలో ఒక్కరోజూ దెబ్బల వల్ల ముందు రాలేదు.

తల్లిదండ్రుల గురించి నువ్వు బాధపడి రాశావు, ఒక తండ్రి వచ్చి "కళ్లు రెండూ వదిలేసి తోలు తీయండి మేడమ్" అన్నాడని. ఈ మాట మా నాన్న కూడా మా సారుతో అన్నాడు. ఆ మాటకు అర్థం నా బిడ్డను కొట్టమని కాదు, నాకు చదువు రాదు, వీడి సంగతి నాకు చేతకాదు, వీడిని నీకు అప్పజెప్తున్నాను, వదిలేయకు అని. మన భాషలో దానికి అదొక్కటే మాట దొరికింది. కాబట్టి ఆయనకు పిల్లల హక్కుల మీద ఉపన్యాసం ఇవ్వకు. "అన్నా, కొట్టను, కానీ వదిలిపెట్టను. పదిహేను రోజులకొకసారి నేనే ఫోన్ చేసి ఏం నేర్చుకున్నాడో చెప్తాను" అను. తర్వాత తప్పకుండా ఫోన్ చెయ్యి. మొదటి ఫోన్ మంచి విషయం చెప్పడానికే చెయ్యి. బడి నుంచి మంచి కబురుతో ఫోన్ రావడం చాలా ఇళ్లలో ఎప్పుడూ జరగలేదు. ఒక తల్లి నేను చెప్పిందంతా విని "ఇంతకీ ఏం చేశాడు మేడమ్ మావోడు" అని మూడుసార్లు అడిగింది.

"దెబ్బలు తినే మేమింతవాళ్లమయ్యాం" అనే మాట స్టాఫ్ రూమ్‌లో రోజూ వింటావు. అబద్ధం కాదు, వాళ్లు నిజంగానే తిన్నారు, నిజంగానే అయ్యారు. నాకు గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం అన్నీ తెలుసు. మా తాత వీధిబడిలో కోదండం వేయించుకున్నాడు, దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడటం. బెత్తాన్ని ఇంగ్లీషువాడు తెచ్చాడనేవాళ్లకు అది కూడా చెప్పాలి. కానీ మా ఊరి ఒకటో తరగతిలో మేం నలభై మందిమి, పదో తరగతి పరీక్ష రాసింది పదకొండు మందిమి. మిగతా ఇరవై తొమ్మిది మంది స్టాఫ్ రూమ్‌లో కూర్చుని తమ వాదన చెప్పలేరు. వాళ్లంతా దెబ్బల వల్లే మానేశారని అనను, కరువుంది, పనులున్నాయి, ఆడపిల్లలకు పెళ్లిళ్లున్నాయి. కానీ దెబ్బలతో ఎవరు బాగుపడ్డారో లెక్కేసేటప్పుడు బాగుపడినవాళ్లనే లెక్కేస్తే ఎలా?

ఇంకొకటి, మన పిల్లలు మొండివాళ్లు, పెద్ద మగపిల్లలు, కొట్టకపోతే మాట వినరు అంటారు కదా. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. వాళ్లు 2009 ప్రాంతంలో అడిగితే, ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది గడిచిన వారంలో బడిలో దెబ్బ తిన్నామన్నారు. పదిహేనేళ్ల వాళ్లలో అది 34 శాతం. మొండితనాన్ని బట్టి కొడితే ఈ అంకెలు తలకిందులుగా ఉండాలి. తిరిగి కొట్టలేనివాళ్లనే మనం ఎక్కువ కొడుతున్నాం. దీన్ని స్టాఫ్ రూమ్‌లో గెలవడానికి వాడకు, గెలిస్తే నీ పక్కన టిఫిన్ బాక్సు తెరిచేవాళ్లుండరు. చెడ్డవాళ్లు కాదు వాళ్లు. నేను చూసిన వాళ్లలో అందరికంటే ఎక్కువ కొట్టిన ఆ పీఈటీ సారే, పాము కరిచిన పిల్లాడిని తన బండి మీద ఆదోని ఆస్పత్రికి తీసుకెళ్లి రాత్రంతా పక్కన కూర్చున్నాడు.

నేను తిన్నగా ఉన్నానని నువ్వు అనుకోకూడదు కాబట్టి ఇది కూడా. 2009లో, కొట్టడం మానేసిన ఏడేళ్లకు, ఒకడి చెంప మీద కొట్టాను. ఇంట్లో మా అత్తగారికి బాగాలేదు, మూడు రోజులుగా నిద్ర లేదు, వాడు నా వెనక నన్ను అనుకరించి నడిచాడు, క్లాసు నవ్వింది. అంతే. చప్పుడుకు నాకే భయమేసింది. మర్నాడు క్లాసులో అందరి ముందే "నిన్న నేను చేసింది తప్పు" అన్నాను. చాలా మంది సీనియర్లు అలా చేయకూడదు, అలుసవుతావు అన్నారు. అలుసు కాలేదు. కానీ వాడు ఆ తర్వాత నెలలో పత్తి తీతకు వెళ్లి మళ్లీ బడికి రాలేదు. వాళ్ల ఇంటికి రెండుసార్లు వెళ్లాను, తాళం. పని కోసం వెళ్లాడో, నా దెబ్బకు వెళ్లాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నీకూ అలాంటి రోజు వస్తుంది. అది రాబోతున్నట్టు అనిపిస్తే ఆ పీరియడ్ పాఠం వదిలేయ్, ఎక్కాలు రాయమని చెప్పి తలుపు దగ్గర నిలబడి మంచినీళ్లు తాగు.

చివరగా, టైము. నువ్వు ఏడాది చేతిలో ఉందనుకుంటున్నావు, లేదు. ఇప్పటికే పత్తికి కొందరు మానేసి ఉంటారు. సంక్రాంతి వెళ్లగానే గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే లారీలెక్కుతాయి, పిల్లలతో సహా. నీ వెనక బెంచీలో నలుగురిలో ఇద్దరైనా అందులో ఉంటారు. ఈ రెండు నెలల్లో వాళ్లకు భాగహారం వస్తే, ఆ ఇంట్లో తల్లితో మాట్లాడి, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో ఉంచమని ఒప్పించడం కాస్త సులువవుతుంది. సీజనల్ హాస్టల్ ఈసారి మీ ఊళ్లో పెడుతున్నారో లేదో మండల ఆఫీసులో ఇప్పుడే కనుక్కో. ఆ మూడు లెక్కల కాగితం మాత్రం సోమవారమే పెట్టు, ఎంతమందికి వచ్చిందో ఇక్కడే రాయి, తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం.